అక్క వయసుతో ఆసుపత్రిలో చేరాను

ఆసుపత్రి కిటికీ దగ్గర చీటీ రాసే గుమాస్తా పేరు అడిగాడు, చెప్పాను. వయసు అడిగాడు. అరవై రెండు అన్నాను. పేరు నాదే గానీ వయసు నాది కాదు. ఆ ఒక్క అబద్ధం నా ప్రాణం మీదికి తెచ్చింది కాబట్టి, ఒంట్లో కాస్త సత్తువ ఉండగానే ఆ సంగతంతా రాసి పెడుతున్నాను. ముప్పై ఆరేళ్ళు బడిలో పిల్లల చేత "అబద్ధమాడరాదు" అని పలకల మీద రాయించిన దాన్ని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు వస్తే మాత్రం నాలాగా చేయకండి.

వయసు కథ ముందే చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మా నాన్న మిరప చేలల్లో కూలికి వెళ్ళేవాడు. సంతకం రాదు, వేలిముద్రే. నాకు ముందు మా అన్నయ్య దానియేలు, అన్నయ్యకు ముందు ఒక అక్క. ఆ అక్క పేరూ సుగుణమ్మే. మూడో ఏట జ్వరం వచ్చి పోయింది. తర్వాత నేను పుడితే, పోయిన పిల్ల పేరు ఇంట్లో నిలవాలని నాకూ అదే పేరు పెట్టారు. మా వైపు అలా పెట్టడం ఉండేది. నన్ను బళ్ళో వేసేటప్పుడు పంతులు పుట్టిన తేదీ ఉన్న కాగితం ఏదైనా తెమ్మన్నాడట. నాన్న రేకు పెట్టె అడుగున ఉన్న బాప్తిస్మం చీటీ తీసుకెళ్ళి ఇచ్చాడు. అది అక్కది. మా ఇంట్లో ఉన్న కాగితం అదొక్కటే. పేరు సరిపోయింది, పంతులు రిజిస్టరులో ఎక్కించేశాడు. నాకు నాలుగేళ్ళు కలిశాయి. తొమ్మిదేళ్ళ పిల్ల అంత చిన్నగా ఉందేమిటని ఎవరూ అడగలేదు. తిండి లేక ఎదగలేదనుకుని ఉంటారు.

ఇది నాకు టీచరు ట్రైనింగుకు వెళ్ళేటప్పుడు తెలిసింది. అన్నయ్యే చెప్పాడు. అప్పుడే బయట పెట్టి ఉండాల్సింది. కానీ ఆ నాలుగేళ్ళు కలవబట్టే వయసు చాలి నాకు సీటు వచ్చింది. నోరు మూసుకున్నాను. అప్పటి నుంచీ ఆఫీసు కవరు ఏది వచ్చినా గుండె దడే. రిటైరయ్యాక కూడా పెన్షన్ ఆగిపోతుందేమో, ఊళ్ళో తలెత్తుకోలేనేమో అని భయం. మా ఆయనకు తెలుసు. మా అమ్మాయి సునందకు తెలియదు.

2003 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. మేం అప్పటికి చిలకలూరిపేటలో ఉంటున్నాం, మా ఆయన అక్కడి స్పిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నారు. ఒకటే నీరసం. గుమ్మం దాకా వెళ్ళి వస్తే ఆయాసం. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. మోచేతుల మీద ఎక్కడా తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు. ఎండ దెబ్బ అన్నారొకరు. రక్తం తక్కువ, టానిక్కు తాగమన్నారొకరు. రెండు సీసాలు తాగాను. మూడో సీసా కొనడానికి వెళ్ళి మందుల షాపు మెట్ల మీదే కూలబడ్డాను.

సునంద నరసరావుపేట కాలేజీలో లెక్చరర్. సెలవు పెట్టి వచ్చి నన్ను గుంటూరు తీసుకెళ్ళింది. రక్తం తీశారు. సాయంత్రానికే, ఇంటికి వెళ్ళొద్దు, వెంటనే చేర్పించండి అన్నారు. చేర్చే ముందు రాయించిన చీటీ గురించే పైన చెప్పింది. నోరు అలవాటైపోయి అరవై రెండు అనేసింది.

మర్నాడు వెనక నడుము ఎముకలో సూది దించి మూలుగ తీశారు. నొప్పి గురించి రాయను. ఎముకలోంచి ఏదో లాగేస్తున్నప్పుడు, నాలోంచి నన్నే లాగేస్తున్నట్టు అనిపించింది. అందులో కొంత ఇక్కడే చూశారు, కొంత బొంబాయి పంపారు. రెండు రోజులకు డాక్టరు గారు మమ్మల్ని ముగ్గురినీ గదిలోకి పిలిచారు. నలభై ఏళ్ళ మనిషి, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే. తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ మాట్లాడారు.

"అమ్మా, ఇది బ్లడ్ క్యాన్సర్. ఎక్యూట్ లుకేమియా అంటాం. త్వరగా ముదిరే రకం."

మా ఆయన నా చెయ్యి పట్టుకోబోయి, డాక్టరు గారు ఉన్నారని సిగ్గుపడి కుర్చీ చెయ్యి పట్టుకున్నారు.

తర్వాత డాక్టరు గారు చెప్పింది మూడుసార్లు అడిగి తెలుసుకున్నాను. వైద్యం రెండు రకాలు. ఒకటి గట్టి మందు. జబ్బును వేళ్ళతో సహా పీకాలని చూస్తుంది, కానీ రక్తంలో ఉన్న మంచినంతా కూడా కొన్ని వారాలు తుడిచేస్తుంది. ఆ వారాల్లో ఏ చిన్న జ్వరం వచ్చినా మనిషి దక్కకపోవచ్చు. రెండోది చర్మం కింద చిన్న ఇంజెక్షన్లు, అవసరమైతే రక్తం ఎక్కించడం. జబ్బు పోదు, కొన్నాళ్ళు అదుపులో ఉంటే ఉంటుంది.

"ఎవరికి ఏది పనిచేస్తుందో ముందే చెప్పలేరా?" అని సునంద అడిగింది.

"అదేనమ్మా మాకూ కష్టం. పెద్ద వయసు వాళ్ళలో ఈ జబ్బు మొండిగా ఉంటుంది, ఒళ్ళేమో మందును తట్టుకోదు. వయసు చూస్తాం, గుండె, కిడ్నీలు చూస్తాం, బొంబాయి నుంచి వచ్చే క్రోమోజోముల రిపోర్టు చూస్తాం. అది రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా జబ్బు ఆగదు. అన్నీ కలిపి ఒక అంచనాకు వస్తాం. ఇంతమందిలో ఇంతమందికి అని చెప్పగలను గానీ, అందులో మీ అమ్మగారు ఎటున్నారో చెప్పలేను." కేసు షీటు చూశారు. "అరవై రెండు. పైగా చాలా నీరసంగా ఉన్నారు. నా మనసు చిన్న ఇంజెక్షన్ల వైపే మొగ్గుతోంది."

ఇక్కడ నా పాపం ఒప్పుకోవాలి. అప్పుడే "నా వయసు అది కాదండీ" అని ఉండొచ్చు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెన్షన్ గుర్తొచ్చిందని మొన్నటి దాకా నాకు నేను చెప్పుకునేదాన్ని. అది సగమే నిజం. గట్టి మందు పేరు వినగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్న ఇంజెక్షన్లు అనగానే, హమ్మయ్య, ఇంటికి వెళ్ళొచ్చు అనిపించింది. ఆ భయానికి అక్క వయసు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. సునంద ఒక్కతే, "అంటే మా అమ్మకు నయం కావడానికి మందు లేదంటారా?" అని ఏడ్చింది. పిల్ల అలా ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. అంత కఠినురాలిని చేస్తుంది భయం.

ఇంజెక్షన్లు సోమవారం మొదలుపెడదామన్నారు. ముందు రక్తం ఎక్కించాలి. కబురు తెలిసి శనివారం పొద్దున మా అన్నయ్య పల్లె నుంచి వచ్చాడు. వస్తూనే నా మంచం దగ్గరికి కూడా రాకుండా కింద బ్లడ్ బ్యాంకుకు వెళ్ళాడట. పదింటికి డాక్టరు గారు రౌండ్లకు వచ్చి నా మంచం దగ్గర నిలబడి ఉన్నారు. అన్నయ్య తువ్వాలు భుజం మీద వేసుకుని వార్డు అదిరేలా అరుస్తూ వచ్చాడు.

"ఒసేయ్ సుగుణా! నా రక్తం పనికిరాదంటన్నారే! అరవై దాటాయంట! ఇప్పటికీ బస్తా మిరక్కాయలు ఒంటిచేత్తో లేపుతా, నా రక్తానికేం రోగం?"

డాక్టరు గారికి నవ్వొచ్చింది. "రోగం కాదండీ, అరవై దాటినవాళ్ళ దగ్గర తీసుకోం. మీరు పేషెంటు గారి తమ్ముడా?"

"తమ్ముడేంది సారూ? అన్నని! దీన్ని చంకనేసుకుని ఊరంతా తిప్పినోణ్ణి. నాకు అరవై ఒకటి. ఇది నాకంటే మూడేళ్ళు చిన్నది."

డాక్టరు గారు కేసు షీటు తీసి చూశారు. అన్నయ్యను చూశారు. నన్ను చూశారు. అన్నయ్యకు అప్పుడు వెలిగింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అంటే... నేను లెక్కలు రానోణ్ణి సార్. అటూ ఇటూ అయ్యుండొచ్చు" అన్నాడు.

మింగలేక కక్కలేక పడి ఉన్నాను. పక్క మంచం వెంకాయమ్మ గారు, వినుకొండ వైపు రైతు కుటుంబం, డెబ్బై ఏళ్ళావిడ, గబుక్కున లేచి కూర్చుంది చూడ్డానికి. ఇక దాచేదేముంది? అందరి ముందూ చెప్పేశాను. అక్క సంగతి, చీటీ సంగతి, పెన్షన్ భయం, అన్నీ. చెబుతూ ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

డాక్టరు గారు కోప్పడతారనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "సుగుణమ్మ గారూ, మీ సర్వీసు రిజిస్టరుతో నాకు పనిలేదు. మందు మోయాల్సింది మీ ఒళ్ళు, దాని వయసు చెప్పండి నాకు. యాభై ఎనిమిదికీ అరవై రెండుకీ మధ్య గోడ కట్టి ఉండదు. కానీ మీ గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. యాభై ఎనిమిదని ముందే తెలిస్తే గట్టి మందు గురించి ఇంకాస్త గట్టిగా ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తాను. మీరూ ఆలోచించండి. పొద్దున్నకల్లా చెప్పాలి."

ఆయన వెళ్ళగానే సునంద మా మీద విరుచుకుపడింది. వాళ్ళ నాన్నను కూడా వదల్లేదు.

"నీకు తెలుసు కదా నాన్నా? తెలిసీ పక్కన కూర్చుని విన్నావు కదా?"

"భయమేసిందమ్మా" అన్నారాయన. "ఆ గట్టి మందుకి వారంలోనే పోతే? ఈ ఇంజెక్షన్లతో అయితే నాలుగు నెలలన్నా ఉంటుంది కదా అనిపించింది."

పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆయన నోటి నుంచి భయమనే మాట నేను వినలేదు. సునంద విసురుగా వరండాలోకి వెళ్ళిపోయింది. అన్నయ్య దాని వెనకాలే వెళ్ళి, "తిట్టమాక తల్లీ, తప్పు మా నాయనది, ఆ చీటీ ఇచ్చినోడిది" అంటున్నాడు. చచ్చిపోయి ముప్పై ఏళ్ళయిన మనిషి మీద నెట్టేశాడు, పాపం.

ఆ మధ్యాహ్నం నేను ఎలా నిర్ణయించుకున్నానో అడిగితే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ధైర్యం రాలేదు. ప్రార్థన చేశాను, అయినా రాలేదు. అప్పటిదాకా వయసు సాకు చూపి తప్పించుకున్నాను, ఆ సాకు పోయింది. ఇప్పుడు వద్దంటే, వద్దన్నది నేనే అవుతాను. సునంద మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. ఆదివారం పొద్దున ఒప్పుకుంటున్నానని చెప్పాను. డాక్టరు గారు కేసు షీటులో అరవై రెండు కొట్టేసి యాభై ఎనిమిది అని రాసి పక్కన సంతకం పెట్టారు. నా సొంత వయసు ఒక కాగితం మీద ఎక్కడం చూడటం నాకు అదే మొదటిసారి. నేనూ సంతకం పెట్టాను.

జూన్. మందు ఏడు రోజులు ఎక్కించారు. అందులో మూడు రోజులు ఎర్రటి మందు, ఒంటేలు కూడా ఎర్రగా వచ్చింది. ముందే చెప్పారు గానీ, చూసి రక్తమే అనుకున్నాను. మొదటి వారం వాంతులతో గడిచింది. రెండో వారం నోరంతా పుళ్ళు. గుంటూరు జిల్లాలో పుట్టి, ఉప్పూ కారం లేని మజ్జిగన్నం కూడా మింగలేక కన్నీళ్ళు పెట్టుకున్నాను. జుట్టు దిండు మీద కుప్పలుగా ఊడింది. సునంద దాన్ని ఏరి చీర చెంగులో దాచుకుంటుంటే చూసి, చూడనట్టు గోడ వైపు తిరిగాను.

పన్నెండో రోజు చలిజ్వరం వచ్చింది. డాక్టరు గారు హెచ్చరించిన జ్వరం అదే. మంచం ఊగిపోయేలా వణికాను. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, సూదులు, సీసాలు. "ప్రెషర్ పడిపోతోంది" అని ఎవరో అనడం వినబడింది. చావు అంటే ఇదేనా అనుకున్నాను. నాకు దేవుడు గుర్తు రాలేదు. అక్క గుర్తొచ్చింది. మొహం కూడా తెలియని మూడేళ్ళ పిల్ల. నీ వయసు వాడుకున్నాను, తిరిగి ఇచ్చేశాను కదే, ఇంకా ఎందుకే నన్ను లాక్కుపోతున్నావు అని ఆ పిల్లను తిట్టుకున్నాను. పిచ్చి మాటలే. జ్వరంలో ఉన్న మనిషికి లాజిక్కు ఎక్కడిది?

ఆ మూడు రోజులూ ఆయా నాగమణి నా దగ్గరే ఉంది. తన డ్యూటీ అయిపోయాక కూడా తడి గుడ్డతో అరికాళ్ళు తుడిచేది. "భయపడమాకండి టీచరమ్మగారూ" అని అనేది కాదు. ఒకసారి అడిగితే, "భయపడొద్దంటే ఆగుద్దా ఏంది? మీ భయం మీరు పడండి, నా పని నేను చేసుకుంటా" అంది. నాకు అందరి ఓదార్పు కంటే ఆ మాటే నచ్చింది. చర్చి నుంచి వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వలేదు. వాళ్ళు కింద మెట్ల దగ్గరే నిలబడి పాడి వెళ్ళారట. మా ఆయన మాత్రం వార్డు గుమ్మం దగ్గర బెంచీ మీద రోజూ అదే చోట కూర్చునేవారు. లేస్తే ఆ చోటు ఎవరైనా ఆక్రమిస్తారని మంచినీళ్ళకు కూడా సునందనే పంపేవారు.

వెంకాయమ్మ గారికి అదే జబ్బుకు చిన్న ఇంజెక్షన్లే ఇచ్చారు. నేను జ్వరంలో ఉండగానే తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. వెళ్తూ నాకొక బత్తాయి పెట్టి వెళ్ళిందట. తర్వాత ఆవిడ ఏమైందో నేను అడగలేదు. ఇప్పటికీ అడగడానికి భయమే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చిన్న ఇంజెక్షన్లు ఇస్తామంటే, ఈ టీచరు గట్టి మందు తీసుకుని బతికింది కదా అని డాక్టరుతో పోట్లాడకండి. ఆవిడ ఒళ్ళు వేరు, నా ఒళ్ళు వేరు. నేను చెప్పేదల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పండని.

జ్వరం తగ్గింది. రోజూ పొద్దున రక్తం తీసేవారు, పదకొండింటికి అంకెలు వచ్చేవి. పది నుంచి పదకొండు దాకా నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అంకెలు పెరగడం మొదలయ్యాయి. అయినా అసలు పరీక్ష మూలుగదే. జూలై మొదట్లో మళ్ళీ సూది దించారు. మూడు రోజులు ఆగమన్నారు. ఆ మూడు రోజులు నేనూ మా ఆయనా చిన్న చిన్న వాటికి పోట్లాడుకున్నాం. దుప్పటి మడత గురించి ఒకసారి, ఫ్లాస్కు మూత గురించి ఒకసారి. అన్నయ్య ఫోన్ చేసి సంగతేంటని అరిస్తే అతని మీదా విసుక్కున్నాను.

నాలుగో రోజు డాక్టరు గారు రెండు కాగితాలు పట్టుకుని వచ్చారు. మొదటిది బల్ల మీద పెట్టారు. "మూలుగ శుభ్రంగా ఉంది. జబ్బు కణాలు కనబడలేదు." సునంద గట్టిగా కేక వేసి వాళ్ళ నాన్నను వాటేసుకుంది. నేను ఆయన చేతిలో మిగిలిన రెండో కాగితాన్నే చూస్తున్నాను. టీచర్ని కదా, ఏ పిల్లవాడి చేతిలో ఏం దాచాడో ముందు అదే చూస్తాను.

"అదేమిటండీ?"

"బొంబాయి రిపోర్టు. ఆలస్యమై నిన్ననే వచ్చింది." దాన్నీ బల్ల మీద పెట్టారు. "క్రోమోజోములు అంత మంచి రకం కాదమ్మా. ఇలాంటి వాళ్ళలో గట్టి మందు పనిచేయడం తక్కువ. పనిచేసినా జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. నిజం చెప్పాలంటే, ఇది ముందే వచ్చి ఉంటే, మీకు యాభై ఎనిమిదని తెలిసినా వెనకాడేవాణ్ణేమో."

"మరి మేం దేన్ని నమ్మాలి?" అంది సునంద.

"రెండూ నిజమేనమ్మా. ఒకటి ఏం జరగొచ్చో చెప్పింది. ఇంకొకటి ఇప్పటికి ఏం జరిగిందో చెప్పింది."

సంతోషించడానికి వచ్చిన ఆ ఒక్క పూటా అలా భయంతోనే గడిచింది. తర్వాత ఇంకా మూడు విడతలు మందు ఎక్కించుకున్నాను. అవన్నీ రాస్తే మీకూ విసుగే. ఆ తర్వాత నెల నెలా, ఆపైన మూడు నెలలకోసారి గుంటూరు ప్రయాణం. ప్రతిసారీ రక్తం ఇచ్చి బయట బల్ల మీద కూర్చుంటే, కాగితం వచ్చేదాకా నా గుండె నా దగ్గర ఉండేది కాదు. ఎవరైనా "మీకు తగ్గిపోయింది కదండీ" అంటే నాకు ఒళ్ళు మండేది. తగ్గిందో, దాక్కుందో వీళ్ళకేం తెలుసు?

పోయిన నెలలో వెళ్ళాను. నాలుగేళ్ళు దాటింది. డాక్టరు గారికి కణతల దగ్గర జుట్టు నెరిసింది. కాగితం చూసి, ఇంకోసారి చూసి, నవ్వారు.

"ఇక మూడు నెలలకోసారి రానక్కర్లేదమ్మా. సంవత్సరం తర్వాత రండి."

దండం పెట్టి బయటికి వచ్చాను. వరండా దాటలేకపోయాను. అక్కడే బల్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వచ్చేపోయేవాళ్ళు ఎవరో పోయారనుకుని ఉంటారు. మా ఆయన కంగారుపడి, "ఏమైంది? ఏం చెప్పారు?" అని అడిగారు.

"సంవత్సరం దాకా రావద్దన్నారు."

"మంచి మాటే కదా! ఏడుస్తావేం?"

"సంవత్సరం పాటు నన్ను ఎవరూ చూడరండీ" అన్నాను.

ఆయన నా పక్కన కూర్చుని, ఈసారి చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా, నా చెయ్యి తీసుకుని గట్టిగా పట్టుకున్నారు.